జపాన్ కోసం మేము చేసిన ప్రార్థన

2011 మార్చి 11, శుక్రవారం. జపాన్‌లో మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు సముద్రం అడుగున భూమి కదిలింది. మన దగ్గర అప్పుడు పొద్దున 11 గంటల 16 నిమిషాలు. మేమిద్దరం భార్యాభర్తలం, డైట్‌లో చదివి టీచర్లమైనవాళ్లం, ఆ వేళకు చెరో తరగతిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాం. సాయంత్రం ఊళ్లో టీవీ ఉన్న ఇంటి ముందు అందరం చేరినప్పుడు చూశాం. నల్లటి నీళ్లు ఇళ్లనూ కార్లనూ పడవలనూ పొలాల మీదుగా తోసుకుపోతున్నాయి.

గోదావరి పక్కన పుట్టినవాళ్లం, వరద మాకు కొత్త కాదు. కానీ మా గోదావరి చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూటాముల్లె సర్దుకోవడానికి టైముంటుంది. ఆ నీళ్లు కొన్నిచోట్ల అరగంటలోనే ఒడ్డెక్కాయి. పదిహేను వేల పైచిలుకు మంది పోయారు. రెండున్నర వేల మంది ఏమయ్యారో ఈనాటికీ తెలియదు.

ఆ ఆదివారం మా చిన్న గుడిలో విజ్ఞాపన ప్రార్థన దగ్గరికొచ్చేసరికి సంఘపెద్ద మా వైపు తిరిగి, "మాస్టారూ, మీరు చదువుకున్నోళ్లు, జపాన్ గురించి మీరే చెయ్యండి" అన్నాడు. లేచి చేశాం. గట్టిగానే చేశాం. నిన్ను ఎరుగని జనం, విగ్రహాలకు మొక్కే జనం, చీకటిలో ఉన్న జనం, ఈ దెబ్బతోనైనా వాళ్ల కళ్లు తెరువు అని. అందరూ ఆమేన్ అన్నారు.

ఇంటికొస్తుంటే దారిలో మా పెద్దమ్మ కోయలో అడిగింది. "ఈ ప్రార్థన మన ఊరి మీద చేసినదే కదరా?"

నిజమే. మేం చిన్నపిల్లలప్పుడు పట్నం నుంచి జీపులో వచ్చినవాళ్లు మమ్మల్ని వరసగా నిలబెట్టి, మా తలల మీద చేతులు పెట్టి ఇవే మాటలు అనేవాళ్లు. చీకటిలో ఉన్న కొండజనం, ఏమీ ఎరుగని జనం. మందులిచ్చారు, పలకలిచ్చారు, ఆ మేలు కాదనం. కానీ కళ్లు మూసుకుని ఆ మాటలు వింటుంటే మా తాతలూ వాళ్ల పాటలూ ఏదో తప్పు చేసినట్టు తల దించుకునేవాళ్లం. ఆ మాటల్నే ఇరవై ఏళ్లు మోసి, శవాలు ఇంకా వెతుక్కుంటున్న మనుషుల మీద దించాం. ఆ రాత్రి మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

తర్వాత చదవడం మొదలుపెట్టాం. టీచర్లం కదా, పాఠం తెలియకుండా చెప్పామని అర్థమైంది. 1549లోనే ఫ్రాన్సిస్ జేవియర్ జపాన్‌లోని కాగోషిమాలో దిగాడు. 1597లో నాగసాకిలో 26 మందిని సిలువ వేశారు. 1614లో దేశమంతటా నిషేధం. క్రీస్తు బొమ్మనో మరియ బొమ్మనో నేల మీద పెట్టి తొక్కమనేవాళ్లు, తొక్కనివాళ్లను పట్టుకునేవాళ్లు. అయినా కొన్ని పల్లెలు దాక్కుని నిలబడ్డాయి. ఫాదరీలు లేకుండా, తల్లీతండ్రీ పిల్లలకు నోటితో చెప్పిన ప్రార్థనలతో రెండు వందల ఏళ్లకు పైగా. 1865లో నాగసాకిలో కొత్తగా కట్టిన ఔరా గుడికి ఉరకామి పల్లెవాళ్లు వచ్చి, మా మనసూ మీ మనసూ ఒకటేనని ఫ్రెంచి ఫాదరీకి చెప్పుకున్నారు. అలా చెప్పుకున్నందుకు వాళ్లను వేల సంఖ్యలో ఊళ్ల నుంచి వెళ్లగొట్టారు కూడా. 1873లో గానీ నిషేధం పోలేదు. అదే ఉరకామి మీద 1945 ఆగస్టు 9న అణుబాంబు పేలింది. పెద్ద గుడి కూలింది, విశ్వాసులు వేలల్లో పోయారు.

ఎరుగని జనమట! లిపి లేకుండా నోటితో పాటలు నిలుపుకున్న మన పెద్దవాళ్లకు ఆ పల్లెలవాళ్ల సంగతి మనకంటే ముందే అర్థమవుతుంది.

ఇంకొకటి తెలిసింది, ఇది మన పిల్లలకు తప్పక చెప్పాలి. జపాన్‌లోనూ ఆదివాసులున్నారు. ఉత్తరాన హొక్కైడో దీవిలో ఐనూలు. వేట, చేపలు, అడవి వాళ్ల బతుకు. 1899లో రక్షణ చట్టమని ఒకటి తెచ్చి, నాగలి పట్టమన్నారు, బడిలో జపనీసు మాట్లాడమన్నారు. ఆ చట్టం 1997 దాకా పోలేదు. ఐనూలు మూలవాసులని జపాన్ పార్లమెంటు ఒప్పుకుంది 2008లో. మా ఐదో తరగతి పిల్లవాడు వెంటనే అడిగాడు, "సార్, వాళ్లకూ ఐటీడీఏ ఉందా?"

చిరి యూకియె అనే ఐనూ అమ్మాయి ఉండేది. మేనత్త వరస కాదు, తల్లికి అక్క, ఆమె దగ్గర పెరిగింది. ఆ పెద్దమ్మ క్రైస్తవ సంఘంలో పనిచేసేది. అదే ఇంట్లో అమ్మమ్మ ఐనూ దేవతల పాటలు పాడేది. యూకియె ఆ పాటలు 13 రాసిపెట్టి, పక్కన జపనీసులో అర్థం రాసింది. 1922లో, 19 ఏళ్లకే, గుండెజబ్బుతో పోయింది. పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. ఒకే కప్పు కింద ప్రార్థనా పాటా రెండూ ఉన్నాయి, ఇల్లు కూలలేదు. మా ఇంట్లో పాటలు ఎందుకు ఆగిపోయాయో మేము ఎవరినీ అడగలేదు.

విజ్ఞాపన అంటే ఏమిటని మళ్లీ బైబిలు తీసి చూశాం. సొదొమ కోసం అబ్రాహాము దేవునితో సంతలో బేరమాడినట్టు ఆడతాడు. యాభై మంది, నలభై ఐదు, నలభై, ముప్పై, ఇరవై, చివరికి పది. ఆ ఊరివాళ్ల తప్పులు మాత్రం ఒక్కటీ ఎత్తడు. వాళ్ల లాయరుగా నిలబడ్డాడు గానీ పోలీసుగా కాదు.

ఇప్పుడు మా గుడిలో జపాన్ పేరు వచ్చినప్పుడు మియాగి, ఇవాతె తీరాల జాలరుల గురించి అడుగుతాం. ఫుకుషిమా పొలాలు వదిలి వెళ్లిన రైతుల గురించి, ఒంటరిగా గదుల్లో చనిపోయే ముసలివాళ్ల గురించి, ఐనూ మాట ఇంకా నోట మిగిలిన పెద్దల గురించి అడుగుతాం. అక్కడ క్రైస్తవులు నూటికి ఒకరుంటే ఎక్కువ, వాళ్ల గురించీ అడుగుతాం. సంఘంలో కొందరికి ఇది నచ్చలేదు. మారుమనస్సు సంగతి ఏదీ అన్నారు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మా ఇల్లు కప్పు దాకా మునిగింది. పునరావాస కేంద్రంలో, బడి వరండాలో, పక్కపక్కన పడుకున్నాం. రాత్రి పెద్దమ్మ లేచి కూర్చుని మా ఊరి గురించి, కొట్టుకుపోయిన మేకల గురించి ప్రార్థన చేసింది. మధ్యలో ఆగి అడిగింది.

"ఆ జపానోళ్ల నీళ్లు తగ్గాయా?"

నీళ్లు అప్పుడే తగ్గాయి పెద్దమ్మా, కానీ ఫుకుషిమా చుట్టుపక్కల కొన్ని ఊళ్లవాళ్లు పదకొండేళ్లయినా ఇళ్లకు పోలేకపోయారు అని చెప్పాం.

"ఇంకా పోలేదా" అని మళ్లీ కళ్లు మూసుకుంది.