ఆటోనగర్‌లో 256 గడులు

పొద్దున ఆరున్నరకి విజయవాడ ఆటోనగర్‌లో షట్టర్లు ఇంకా సగమే లేచి ఉన్నాయి. లారీ బాడీలు కట్టే షెడ్ల వైపు నుంచి మొదటి సుత్తిదెబ్బలు వినపడుతున్నాయి. టీ బండి చుట్టూ నలుగురు కుర్రాళ్లు, నిన్నటి గ్రీజు ఇంకా వదలని వేళ్లతో గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. తెనాలిలో చీకటితోనే బయల్దేరిన మా ఎస్టీమ్ కారు దారిలో రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఆగింది మేస్త్రిగారి షెడ్డు ముందే.

మేస్త్రిగారికి అరవై దాటాయి. వయసులో ఉండగా కోయంబత్తూరు వెళ్లి, రేసు కార్లు తయారుచేసే షెడ్లలో పదేళ్లు పనిచేసి వచ్చారు. స్పానర్లతో మొదలైన చేతికి ల్యాప్‌టాప్ అక్కడే అలవాటయింది. నన్ను చూడగానే స్టార్ట్ చెయ్యమన్నారు. వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత ముందుకొచ్చి బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విన్నారు.

“టేబుల్ సంగతి తర్వాత చూద్దాం బాబూ. ఇక్కడేదో గాలి పీలుస్తోంది,” అన్నారు.

ఈ బండి మా నాన్నగారిది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఏడాది, 2001లో కొన్నారు. కంపెనీ ఎస్టీమ్‌ని 1994లో మొదలుపెట్టి 2007లో ఆపేసింది. 1298 సీసీ, పదహారు వాల్వులు, 85 హార్స్‌పవర్. ఢిల్లీ ప్రాంతంలో యూరో నిబంధనలు అమలు చెయ్యాలని 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాక మన కార్లలో కార్బ్యురేటర్ల కాలం త్వరత్వరగా ముగిసింది. ఆ మలుపులో వచ్చిన ఇంజెక్షన్ బండ్లలో ఇదొకటి. కిందటేడు దీని ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, ఈసీఎం, చచ్చిపోయింది. కొత్తది దొరకలేదు. తిరిగిన రెండు మూడు గ్యారేజీల్లోనూ తుక్కుకి ఇచ్చెయ్యమన్నారు. ఇంజన్‌లో రవ్వంత పొగ లేదు, హెడ్డు ఇంతవరకూ విప్పలేదు. అలాంటి బండిని ఒక చిన్న పెట్టె పోయిందని తుక్కు చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. నాన్నగారు రోజూ పొద్దున్నే దాని అద్దాలు తుడిచేవారు.

మేస్త్రిగారే దారి చూపించారు. స్పీడువినో అని ఒక కంట్రోలర్ ఉంది. ఆర్డునో మెగా బోర్డు మీద నడుస్తుంది. దాని డిజైన్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. పదిహేను రోజుల కిందట ఆయనే దాన్ని బిగించారు, వైరింగ్ అంతా కొత్తగా లాగారు. వేరే ఎస్టీమ్‌కి ఎవరో తయారుచేసుకున్న, ఎప్పుడెంత పెట్రోల్ ఇవ్వాలో చెప్పే ఫ్యూయల్ టేబుల్ ఒకటి నా దగ్గర ఉంటే, బండి కదలడానికి పనికొస్తుందని అదే ఎక్కించాం. కదిలింది కూడా. కానీ స్లో నిలబడదు, అరవై దాటితే జెర్కులు. ఇంజన్ అదే కదా, అంకెలూ అవే సరిపోతాయని నేను నమ్మాను. ఆ నమ్మకం ఎందుకు తప్పో ఆ రోజంతా కళ్లారా చూశాను.

ముందు నాలుగు ప్లగ్గులూ విప్పారు. కంప్రెషన్ చూశారు. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉన్నాయి. పెట్రోల్ ప్రెషర్ గేజి తగిలించారు, అదీ సరిగానే ఉంది. అప్పుడు ఆయన పిలుపుకి కుర్రాడు షెడ్డు మూల నుంచి బ్లోయరు తెచ్చాడు. ఇంజన్ చల్లారాక బ్లోయరు మూతిని సైలెన్సర్ గొట్టానికి గుడ్డతో బిగించి గాలి కొట్టించారు. ఒక సీసాలో సబ్బునీళ్లు కలిపి, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ కింద పైపు కలిసే జాయింటు మీద చల్లారు.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత జాయింటు అంచున చిన్న బుడగ లేచింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే తెల్లటి నురుగు వేలెడంత పొడుగున పొంగింది.

“చూశారా! ఈ ప్యాకింగ్ మార్చకుండా మీరు ల్యాప్‌టాప్ తెరిస్తే, అది చెప్పేదంతా అబద్ధమే.”

ఎందుకు అబద్ధమో ఆయన వివరంగా చెప్పారు. సైలెన్సర్ పైపులో కొత్తగా బిగించిన వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్రోల్‌ని చూడదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని మాత్రమే చూస్తుంది. ఎగ్జాస్ట్ పైపులో గాలి అలలు అలలుగా నడుస్తుంది. ఒక్కో అల వెనక పీడనం బయటి గాలి కన్నా తగ్గుతుంది, ఆ క్షణంలో పగులులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ ఆక్సిజన్‌ని చూసి సెన్సర్ “పెట్రోల్ చాలడం లేదు” అంటుంది. మనం టేబుల్లో అంకె పెంచుతాం. నిజానికి సరిపడా ఉన్న పెట్రోల్ ఎక్కువైపోతుంది. ప్లగ్గు సరిగా కొట్టకపోయినా ఇదే తంతు. మండని సిలిండర్లోని ఆక్సిజన్ అంతా బయటికి వస్తుంది కాబట్టి అప్పుడూ సెన్సర్ పెట్రోల్ తక్కువనే చూపిస్తుంది. ఇలా తప్పుడు కొలతని నమ్మి అంకెలు మార్చుకుంటూ పోయి పాడుచేసుకున్న ఇంజన్లు తన దగ్గరికి చాలా వచ్చాయన్నారు.

ప్యాకింగ్ మార్చి, బోల్టులు బిగించి, మళ్లీ సబ్బునీళ్లు చల్లేసరికి పది దాటింది. ఈసారి బుడగ లేదు.

అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచారు. తెర మీద పదహారు నిలువు వరసలు, పదహారు అడ్డ వరసలు, మొత్తం 256 గడులు. ఎడమ నుంచి కుడికి ఇంజన్ స్పీడు పెరుగుతుంది. కింది నుంచి పైకి మ్యానిఫోల్డ్‌లో గాలి పీడనం పెరుగుతుంది. స్లోలో ఉన్నప్పుడు ఆ పీడనం 35 కిలోపాస్కల్స్ దగ్గర ఆడుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే బయటి గాలితో సమానంగా 100కి చేరుతుంది. ఒక్కో గడిలో ఉండే అంకె, ఆ స్పీడులో ఆ పీడనం దగ్గర సిలిండర్ ఎంత శాతం గాలితో నిండుతుందో చెబుతుంది. మిగతా లెక్క కంట్రోలర్ వేసుకుని ఇంజెక్టర్ని ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో నిర్ణయిస్తుంది. మ్యానిఫోల్డ్ పీడనాన్ని బట్టి పెట్రోల్ కొలవడం పాత విద్యే. బాష్ కంపెనీ 1967లో డి-జెట్రానిక్ పేరుతో ఫోక్స్‌వ్యాగన్ 1600లో పెట్టింది. ఆ ‘డి’ జర్మన్‌లో పీడనం అనే మాటకి మొదటి అక్షరం.

కొలత ఎంత సున్నితమో ఒక లెక్క చెబుతాను. ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ లీటరులో మూడోవంతు కన్నా కొంచెం తక్కువ. పూర్తిగా తొక్కినప్పుడు ఒక్కసారికి లోపలికి వెళ్లే గాలి బరువు గ్రాములో మూడోవంతుకి దగ్గరగా ఉంటుంది. దానికి కావలసిన పెట్రోల్ పాతిక మిల్లీగ్రాములు. ఇంజన్ 6000 తిరుగుతుంటే ప్రతి సిలిండర్‌కీ సెకనుకి యాభైసార్లు ఆ పాతిక మిల్లీగ్రాములు అందాలి. గాలి ఫిల్టరు మారినా, సైలెన్సర్ మారినా, పాతికేళ్లలో వాల్వులు అరిగినా సిలిండర్ నిండే తీరు మారుతుంది. ఇంకొకరి ఎస్టీమ్ అంకెలు మా ఎస్టీమ్‌కి ఎలా సరిపోతాయి?

పెట్రోల్ కూడా మారింది. ఈ సంగతి పాత బండ్లు ఉన్నవాళ్లంతా తెలుసుకోవాలి. 2023 ఫిబ్రవరిలో మన బంకుల్లో మొదలైన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ ఇప్పుడు అంతటా అదే అయింది. మామూలు పెట్రోల్ ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు కావాలి. ఇథనాల్‌కి తొమ్మిది చాలు. ఇరవై శాతం కలిపితే లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అంతే గాలికి ఇంజెక్టర్ ఏడెనిమిది శాతం ఎక్కువసేపు తెరుచుకోవాలి. కంపెనీ ఈసీఎం ఉన్న బండ్లలో మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాని చాలావరకు సర్దుకుంటుంది. ఆ కాలపు బండ్లలో పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం సెన్సర్ మాట వినకుండా టేబుల్ ప్రకారమే పోతుంది. వేడి ఎక్కువుండేదీ, పిస్టన్‌కి ప్రమాదమున్నదీ సరిగ్గా అక్కడే.

“బియ్యం మారితే ఎసరు మార్చరూ? పాత బియ్యానికి కొత్త బియ్యం ఎసరు పెడితే అన్నం పలుకవుతుంది. ఇదీ అంతే,” అన్నారు మేస్త్రిగారు.

అందుకని ఆయన గాలి-పెట్రోల్ నిష్పత్తిని చూడరు, ల్యాంబ్డా చూస్తారు. ఏ పెట్రోలైనా సరే, గాలికి సరిగ్గా సరిపోతే ల్యాంబ్డా 1. ఒకటి కన్నా తగ్గితే పెట్రోల్ ఎక్కువ, పెరిగితే తక్కువ.

మధ్యాహ్నం భోజనాల వేళ ట్రాఫిక్ పల్చబడ్డాక గన్నవరం రోడ్డెక్కాం. కుర్రాడు డ్రైవింగ్, మేస్త్రిగారు పక్కన ల్యాప్‌టాప్‌తో, నేను వెనక సీట్లో. ఇంజన్ వేడి 80 డిగ్రీలు దాటేదాకా ఆయన ఒక్క అంకె ముట్టుకోలేదు. చల్లటి ఇంజన్‌కి అదనంగా ఇచ్చే పెట్రోల్‌కి వేరే టేబుల్ ఉంటుంది, రెండూ కలిస్తే ఏది దేనిదో తెలియదు.

“నాలుగో గేరు. డెబ్బై. కాలు కదపకు.”

తెర మీద ఒక చిన్న చుక్క గడుల మధ్య వణుకుతూ తిరుగుతోంది. ఇంజన్ ఆ క్షణాన ఎక్కడుందో ఆ చుక్క చెబుతుంది. 2400 స్పీడు, 60 కిలోపాస్కల్స్ గడి దగ్గర అది ఆగింది. గడిలో 54 ఉంది. సెన్సర్ 1.06 చూపిస్తోంది. కావలసింది 1. ఆయన 54ని 1.06తో హెచ్చించి 57 కొట్టారు. జెర్కు తగ్గింది, పూర్తిగా పోలేదు. చుక్క ఒక గడి మధ్యలో నిలవడం అరుదు, చుట్టూ ఉన్న నాలుగు గడుల అంకెలనీ కలిపి కంట్రోలర్ లెక్క వేసుకుంటుంది. ఒక్కటే పెంచితే నేల మీద మట్టిదిబ్బ పోసినట్టవుతుంది, ఇంజన్ దాన్ని ఎక్కి దిగుతున్నప్పుడల్లా తెలిసిపోతుంది. అందుకని ఇరుగుపొరుగు గడుల్లో 55, 56, 58 ఇలా సర్దుకుంటూ వెళ్లారు. మూడో సారి అదే వేగంలో వెళ్లినప్పుడు వెనక సీట్లో నా ఒళ్లో పెట్టుకున్న నీళ్ల సీసాలో నీరు కదలలేదు.

అంకెలు వాటంతటవే దిద్దే సదుపాయం ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దాన్ని ఆయన ఐదు నిమిషాలు నడిపించి ఆపేశారు. అది ఏ గడిలో ఎంత మార్చిందో ఒక్కొక్కటీ చూసి, పక్కవాటితో పొందిక లేని రెండింటిని వెనక్కి తీసుకున్నారు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

ఎక్కువ లోడు గడులు నింపడానికి కుర్రాడు యాక్సిలరేటర్ తొక్కి ఉంచి ఎడమ కాలితో బ్రేకు మెల్లగా వేశాడు. ఎత్తు రోడ్డు లేని చోట అదే ఉపాయం. పూర్తిగా తొక్కే పరీక్ష మాత్రం రెండో గేర్లోనే, 5500 దాటకుండా. వేగం ఎనభై లోపే ఉంటుంది, రోడ్డు మీద అంతకు మించి వెళ్లడానికి మేస్త్రిగారు ఒప్పుకోరు. ఆ వరసలో ముందే అంకెలు పెద్దవి పెట్టారు. పెట్రోల్ ఎక్కువైతే పికప్ కాస్త మందగిస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది. తక్కువైతే పిస్టనే పోతుంది. అందుకని ఎక్కువ నుంచి తక్కువకి రావాలే తప్ప తక్కువ నుంచి ఎక్కువకి పోకూడదని ఆయన నియమం. 90 ఉన్న గడిలో సెన్సర్ 0.80 చూపించింది. కావలసింది 0.87. లెక్క ప్రకారం 83 రావాలి. ఆయన 87 పెట్టి ఒకసారి, 85 పెట్టి ఒకసారి తొక్కించి, నాకింగ్ శబ్దం ఏమైనా ఉందా అని కిటికీ దించి విని, ఆ తర్వాతే 83 చేశారు.

పొట్టిపాడు టోల్‌గేటు ఇవతలే వెనక్కి తిప్పాం. ఒక్కసారిగా తొక్కినప్పుడు మాత్రం ఇంకా చిన్న తడబాటు మిగిలింది. టేబుల్ సరిగానే ఉంది. కాలు ఠక్కున వేసినప్పుడు ఇంజెక్టర్ వదిలిన పెట్రోల్ కొంత పోర్టు గోడలకి అంటుకుని ఆగిపోతుంది. ఆ లోటుకి విడిగా ఇంకొంచెం ఇవ్వాలి. దాన్ని దిద్దడానికి ఫ్యూయల్ టేబుల్ ముట్టుకోవడం చాలామంది చేసే తప్పని చెబుతూ, వేరే పేజీ తెరిచి పది నిమిషాల్లో సర్దేశారు.

సాయంత్రం ఐదుకి షెడ్డు చేరాం. తర్వాత పొల్యూషన్ పరీక్ష చేయించాం, పాసయింది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమని ఎవరడిగినా ఆయన తీయరు. టేబుల్ ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. ఒక అట్టముక్క మీద తేదీ, ఇరవై శాతం ఇథనాల్, గాలి వేడి 27 డిగ్రీలు అని రాసి బానెట్ లోపలి వైపు అంటించారు.

తిరుగు ప్రయాణంలో బండి ఎక్కడా ఆగలేదు. ఇది డిసెంబరు గాలిలో తయారైన టేబుల్. విజయవాడ ఎండలకి బానెట్ కింద గాలి వేడి కొలిచే సెన్సర్ కాలిపోతూ ఉంటే లెక్క తప్పవచ్చు, అందుకని మే రెండో వారంలో మధ్యాహ్నం రెండు గంటలకి మళ్లీ రమ్మన్నారు. నాన్నగారి పాత డైరీలోనే ఆ తేదీ రాసుకున్నాను.