తిల్ల చెట్ల నడుమ ఒక ఉదయం

హోసూరు, కృష్ణగిరి వైపు ఉండే మనకు సముద్రం దూరం. అందుకే ఈసారి సెలవుల్లో పిల్లలకు చిదంబరంలో స్వామి దర్శనం చేయించి, అక్కడికి దగ్గరలోనే ఉన్న పిచ్చావరం మడ అడవిని కూడా చూపించాము.

వెల్లారు, కొల్లిడం నదుల మధ్య, మంచినీరూ ఉప్పునీరూ కలిసే చోట పెరిగిన అడవి ఇది. సన్నని కాలువల్లో పడవ సాగుతుంటే ఇరుపక్కలా ఉప్పుపొన్న చెట్లు ఊడల వంటి వేళ్ళను నీటిలోకి దించి నిలబడి ఉన్నాయి. వాటి గింజ చెట్టుమీదనే మొలకెత్తి, మునగకాయలా వేలాడి, ఆ తరువాత బురదలోకి జారుతుంది. తెల్లమడ వేళ్ళు బురదలోంచి పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. ఎక్కువైన ఉప్పును దాని ఆకులు బయటికి పంపేస్తాయి. ఈ వేళ్ళ చాటునే రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగుతాయి.

పడవ నడిపే పెద్దాయన ఒక చెట్టును చూపి "తిల్లై" అన్నాడు. "చిదంబరానికి ఆ పేరే కదా నాన్నా!" అంది మా అమ్మాయి. నిజమే, ఆ క్షేత్రానికి స్థలవృక్షం అదే. మన కోరంగి మడ అడవుల్లో కూడా ఉండే తిల్ల చెట్టే ఇది. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక పిల్లలను తాకనివ్వలేదు.

తమిళంలో మడ అడవిని "అలైయాత్తి కాడు" అంటారు. అలలను శాంతింపజేసే అడవి అని అర్థం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ చెట్ల వెనుక ఉన్న పల్లెలకు నష్టం తక్కువగా జరిగింది.

ఈ అడవికీ కష్టకాలం వచ్చింది. ఒకప్పుడు చెట్లను వరసగా నరకడంతో నేల కుంగి, నీరు నిలిచి, ఉప్పెక్కిపోయింది. కొత్త మొక్క మొలవలేదు. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊరివారు కలిసి కాలువలు తవ్వి, పోటునీరు వచ్చిపోయేలా చేశాక పచ్చదనం తిరిగి వచ్చింది. 2022లో పిచ్చావరానికి రామ్‌సర్ గుర్తింపు లభించింది.

ఇంటికి వచ్చాక కెలవరపల్లి ఆనకట్ట వైపు వెళ్ళాము. దక్షిణ పినాకినిలో తెల్లని నురగ తేలుతోంది. నంది కొండల్లో పుట్టి బెంగళూరు అంచుల మీదుగా వచ్చే ఈ నది కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పిచ్చావరం దానికి దక్షిణాన ఉంది.

"ఈ నురగ కూడా సముద్రానికే పోతుందా నాన్నా?" అని అమ్మాయి అడిగింది.

నురగ దారిలోనే కరిగిపోవచ్చు, అందులోని మురికి అంత సులభంగా పోదని చెప్పాను. సముద్రపు ఒడ్డున అడవి బతకాలంటే పైనుంచి మంచినీరు రావాలి. సముద్రం చూడని మనం కూడా ఆ అడవికి కాపలాదారులమే. ఇంటి చెత్తనైనా మన చెరువుల్లో, వాగుల్లో వేయకుండా ఉందాం. పిల్లలను ఒకసారి పిచ్చావరం తీసుకువెళ్ళండి. ఈ మాట వారికి మనకన్నా ముందే అర్థమవుతుంది.