క్యారీలో కల్యామాకు పిలక

దుబాయి సోనాపూర్ క్యాంపులో మా మెస్సు వెనక పెయింటు డబ్బాలో ఒక కల్యామాకు చెట్టు ఉండేది. కోనసీమ వంటాయన పెంచింది. దాని మొదట్లో పిలకలు వస్తే ఐదుగురం తలా ఒకటి పీక్కొని పోయాం. ఐదూ వారంలో ఎండిపోయాయి. "మీ చేతులు మంచివి కావండీ" అని ఆయన నవ్వాడు. తప్పు చేతులది కాదని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, అమెరికాలో.

14 ఏళ్లు షట్టరింగ్ పని చేసి ఊరికి వచ్చేసినవాణ్ని. నిరుడు ఏప్రిల్‌లో నార్త్ కరోలినా రాష్ట్రం క్యారీలో ఉంటున్న మా బిడ్డ దగ్గరికి ఆరు నెలలకు పోయాను. అక్కడ మనవాళ్లు బాగానే ఉన్నారు. వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, 2022లో 87 అడుగుల గోపురం కూడా లేచింది. పప్పు, బియ్యం, గోంగూర అన్నీ దొరుకుతాయి. కల్యామాకు చెట్టును మాత్రం చంటిపిల్ల లెక్క సాకాలి. మంచు తగిలితే పోతుంది. ఇండియా నుంచి మొక్క కాదు కదా, పచ్చి ఆకు తెచ్చినా ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే పురుగు ఈ చెట్టు మీద బతుకుతుంది. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక తోటలకు తోటలు పోయాయి. వాళ్ల భయం వాళ్లది.

మా బిడ్డ చెట్టు పక్కింటివాళ్లు టెక్సాస్ పోతూ ఇచ్చింది. నేను పోయేసరికి అది ఉత్త మోడు. చలికాలం మొదట్లో ఒక రాత్రి బయట మరిచిపోయారట. "పారెయ్యబుద్ధి కాలే బాపూ" అంది.

మే నెలలో ఆ కుండీలో నాలుగు మొలకలు లేచాయి. ఒక్క కుండీలోనే ఉంటే మళ్లీ ఒక్క రాత్రికే అన్నీ పోతాయి, ఒకటి వేరు చేద్దామన్నాను. "ముట్టకు బాపూ, ఉన్నవి గూడ పోతయ్" అంది. తన తప్పు లేదు. రెండేళ్లకు రెండు నెలల సెలవు చొప్పున, ఆ 14 ఏళ్లలో నేను ఇంట్లో ఉన్నది 14 నెలలే. నా చేతిపని తను చూసిందెప్పుడు?

గుడిలో కలిసిన గుంటూరు పెద్దావిడ దారి చెప్పింది. "ముందు అది ఎక్కణ్నుంచి పుట్టిందో చూడండి అన్నయ్యగారూ." మట్టిని వేళ్లతో మెల్లగా తోడి చూశాను. రెండు మొలకలు మోడు నుంచే వచ్చాయి. వాటికి సొంత వేరు లేదు, తీస్తే కొమ్మ విరిచినట్టే. మూడోది జానెడు దూరంలో, పెన్సిలంత అడ్డవేరు మీద లేచింది. పిలకంటే అదీ. నాలుగోదీ అలాంటిదే గానీ వేలెడంత, దాన్ని పెరగనిచ్చాం. పండు రాలి మొలిచిన మొక్కయితే వేరు నిలువుగా దిగుతుంది, తల్లితో అతుకు ఉండదు.

క్యాంపులో మేం పైన పట్టి పీకాం. వేరు తల్లి దగ్గరే ఉండిపోయింది, మా చేతికి పుల్ల వచ్చింది.

జూన్‌లో పిలక జానెడు దాటాక, కత్తి శుభ్రంగా కడిగి, తల్లికీ పిలకకీ మధ్య ఆ అడ్డవేరును కోశాను. కోశానంతే, పైకి తీయలేదు. అక్కడే ఉంచి మట్టి కప్పాను. నెల రోజులు తన తిండి తాను వెతుక్కుంటే సన్నవేళ్లు పడతాయి. రెండు రోజులు ఆకులు వాలిపోయాయి. ఆ రెండు రోజులూ బిడ్డ నాతో సరిగా మాట్లాడలేదు. జూలై చివర, పొద్దు వాలాక, మట్టిగడ్డతో సహా ఎత్తి వేరే కుండీలో పెట్టాం. సగం ఆకులు తుంచి వారం నీడలో ఉంచాం. క్యారీ ఎర్రమట్టి చూడటానికి మన చెల్కలాగే ఉంటుంది గానీ తడిస్తే బంక. ఇసుక, కుళ్లిన ఆకు కలపకపోతే వేరు మురిగిపోతుంది.

మీకు అక్కడ నూనె డబ్బా చాలు, అడుగున మేకుతో నాలుగు బొక్కలు కొట్టండి. మండే ఎండల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి, అక్టోబరు దాటనివ్వండి.

ఆగస్టులో కొత్త చిగురు వేసింది. నేను బయలుదేరే ముందు, రాత్రి చలి 10 డిగ్రీలకు దిగకుండానే, రెండు కుండీలూ లోపల కిటికీ పక్కకు చేర్చాం.

జనవరిలో ఫోన్ చేసింది. "బాపూ, కొత్తదాని ఆకులన్నీ రాలుతున్నయ్. సచ్చిపోతదా?"

"చలికి రాలుస్తది బిడ్డా. నీళ్లు తగ్గియ్యి. గోటితోని పుల్ల జరంత గీకి చూడు."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "పచ్చగనే ఉంది" అంది.