ప్రతి పొద్దున్నా 2012లోకి పోయే కంప్యూటర్

పోయిన ఆదివారం మా పల్లెలో చర్చి కట్టిన కథ రెండో భాగం పెడతానన్నాను, పెట్టలేదు. ఇన్‌బాక్సులో అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పాను, ఇంట్లో కంప్యూటర్ గొడవ అని. ఈ వారం ఆ గొడవే రాస్తున్నాను. ఇది కంప్యూటర్ గురించే, కానీ కంప్యూటర్ గురించి మాత్రమే కాదు. ఓపిగ్గా చదవండి.

మా కంప్యూటర్ 2012 నాటిది. గుంటూరు వెళ్లి అసెంబుల్ చేయించాం. ఐ3 రెండో తరం ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్. మొత్తం 24 వేలు అయింది. ముందటేడు థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలు మునిగాయి, అందుకే డిస్కు రేటు ఎక్కువ అన్నాడు షాపతను. మనల్ని చూసి అల్లిన కథ అనుకున్నా. తర్వాత పేపర్లో చదివితే నిజమే. ఎక్కడో థాయ్‌లాండ్‌లో వాన పడితే చీరాల పక్కన మాదిగపల్లెలో చీటీ డబ్బులు చాలక చెవి కమ్మలు తాకట్టుకి పోయాయి.

అంత డబ్బు పెట్టి ఎందుకు కొన్నామో చెప్పాలి. అప్పుడు నేను ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేసేదాన్ని. పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్లు, చిట్‌ఫండ్ రసీదులు. సాయంత్రం పని అయిపోయాక మన కరపత్రాలు టైపు చేసుకునేదాన్ని. ఏటా జులై 17కి ఒకటి ఉంటుంది కదా. 1985లో కారంచేడు నుంచి ప్రాణాలు చేతబట్టుకుని చీరాల చేరినవాళ్ల పిల్లలు, మనవళ్లు ఇక్కడే విజయనగర్ కాలనీలో ఉన్నారు. ఆ కరపత్రం కంపోజ్ చేస్తుంటే ఒక ఏడు ఓనరు వచ్చి, "అమ్మాయ్, ఇలాంటివి ఇక్కడ వద్దు, కస్టమర్లు చూస్తారు" అన్నాడు. మంచిగానే అన్నాడు. నేను పేజ్‌మేకర్ మూసేసి ఇంటికొచ్చి మా ఆయనతో, మనం కంప్యూటర్ కొంటున్నాం అని చెప్పా. ఆయన ఆటో కిస్తీలే ఇంకా తీరలేదు. అయినా సరేనన్నాడు.

కంప్యూటర్ వచ్చిన రోజు పల్లె అంతా చూడ్డానికి వచ్చింది. మా ఆడబిడ్డ సీపీయూకి పసుపు రాయబోతే ఆపాను. ఆమె ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. పాత చీర చింపి ముసుగు కుట్టా. తెర మీద బాబాసాహెబ్ ఫొటో పెట్టా. దాని మీద టైపు చేసిన మొదటి కరపత్రం లక్ష్మీపేట. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లాలో ముంపు భూమి తగాదాలో మనవాళ్లు ఐదుగురిని చంపారు. ఆ ఐదుగురి పేర్లు నేను మూడుసార్లు టైపు చేశాను. మొదటి రెండుసార్లూ కరెంటు పోయింది.

ఇక ఇప్పటి రోగానికి వద్దాం. బటన్ నొక్కితే పదకొండు నిమిషాలకి తెరుచుకుంటుంది. లోపల హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటుంది, గోడ మీద బల్లిలాగా. అందులో ఉన్నది విండోస్ 7. దానికి 2020 జనవరిలోనే కంపెనీ మద్దతు ఆపేసింది. క్రోమ్ బ్రౌజర్ కూడా 2023 నుంచి దానికి కొత్తది రావడం లేదు, 109 దగ్గర ఆగిపోయింది. కొన్ని సర్కారు సైట్లు తెరవబోతే తెల్ల కాగితం కనపడుతుంది. అన్నిటికన్నా వింత తేదీ. కరెంటు పోయి వస్తే చాలు, గడియారం 2012 జనవరి 1కి వెళ్లిపోతుంది. బోర్డు మీద గుండీ అంత బ్యాటరీ ఉంటుంది, మిషన్ ఆపేసినా టైము గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోయింది. తేదీ తప్పుంటే ఏ వెబ్‌సైటూ నమ్మదు, "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని తలుపు వేసేస్తుంది.

మా పాప ఈ ఏడే బీటెక్‌లో చేరింది. "అమ్మా, అది కంప్యూటర్ కాదు, మ్యూజియం" అంటుంది. కాలేజీలో 8 జీబీ ర్యామ్ అయినా ఉన్న ల్యాప్‌టాప్ కావాలన్నారు. 45 వేలు దాకా. మా దగ్గర ఉన్నది పాడుకోవాల్సిన చీటీ ఒకటి. దాన్ని ఇంటి స్లాబు కోసం దాచాం. వానొస్తే వెనక గది ఇప్పటికీ కారుతుంది.

అందరూ తలో సలహా ఇచ్చారు. ఉద్యమంలో మంచి మిత్రుడే ఒకాయన, "ఫోన్లోనే అన్నీ అయిపోతున్నాయి కదండీ, కంప్యూటర్ ఎందుకు" అన్నాడు. ఆయన ఇంట్లో మూడు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, పోనీలెండి. నాలుగు పేజీల నిజనిర్ధారణ రిపోర్టు ఫోన్‌లో బొటనవేలితో టైపు చేస్తే తెలుస్తుంది. అమెరికాలో ఉన్న మన తమ్ముడొకడు, "అక్కా, నా పాత ల్యాప్‌టాప్ ఉంది, డిసెంబర్‌లో ఎవరైనా వస్తుంటే పంపిస్తా" అన్నాడు. ప్రేమగా అన్నాడు. నాకు వెంటనే సంతోషమేసింది కూడా. ఫోన్ పెట్టాక చూస్తే పాప తలుపు దగ్గర నిలబడి ఉంది.

"పాతదా?" అంది.

అంతే అంది. నేను మొదలుపెట్టా, పొదుపు గురించి, నేను దీపం కింద చదువుకున్న సంగతి గురించి, యంత్రం పాతదైతే ఏం బుర్ర కొత్తదైతే చాలు అని. చెప్తూ చెప్తూ నాకే సిగ్గేసింది. మా అమ్మ ఊళ్లో కామందుల ఇంట్లో పని చేసేది. వాళ్ల పిల్లలు వదిలేసిన గౌన్లు, వాడేసిన పుస్తకాలు, సగం అరిగిన చెప్పులు నాకొచ్చేవి. పుస్తకం మొదటి పేజీలో వాళ్ల పేరు ఉండేది, నేను దాన్ని కొట్టేసి నా పేరు రాసుకునేదాన్ని. అప్పుడు అమ్మ కూడా ఇలాగే చెప్పింది, పుస్తకం పాతదైతే ఏం అని.

సరే, కొత్తదే కొందాం, పాతది ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేద్దాం అనుకున్నాం. రిపేరు కుర్రాడు వచ్చి చూసి, "అక్కా, ఇది స్క్రాపే. పదిహేను వందలు ఇస్తా, మానిటర్‌తో కలిపి" అన్నాడు. శనివారం తీసుకెళ్తానన్నాడు.

శుక్రవారం పొద్దున పెద్దమ్మ వచ్చింది. సొంత పెద్దమ్మ కాదు, మా మండలంలోనే వేరే ఊరు. 2013లో బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే ఆమెని, ఆమె కొడుకుని కొట్టారు. కులం పేరు పెట్టి తిట్టారు. ఆ తిట్లు ఇక్కడ రాయను. ఆ రోజు రాత్రి ఫిర్యాదు టైపు చేసింది నేనే, ఈ కంప్యూటర్ మీదే. స్టేషన్‌లో తీసుకోలేదు. చేత్తో రాసింది ఇంకోటి వాళ్లే రాసుకుని వేలిముద్ర వేయించుకున్నారు. మేం టైపు చేసింది మర్నాడు ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టులో పంపాం. పోస్టాఫీసు రసీదు ఆమె దగ్గర ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా ఉంది. ఫిర్యాదు కాపీ మాత్రం ఇల్లు కారి తడిసి ముద్దయిపోయింది.

అట్రాసిటీ కేసుల్లో చార్జిషీటు వేశాక వీలైనంత వరకు రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టంలో ఉంది. ఆమె కేసు పన్నెండేళ్ల నుంచి నడుస్తోంది. ఇప్పుడు సాక్ష్యం దశకి వచ్చింది. అవతలి లాయరు వాదన ఏమిటంటే, గొడవ జరిగింది ఇంట్లో, బోరింగు దగ్గర కాదు, అది తర్వాత కల్పించారు అని. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, ఇది చిన్న తేడా కాదు. అప్పట్లో 3(1)(10), 2016 నుంచి 3(1)(ఆర్), (ఎస్). పేరేదైనా, తిట్టింది పదిమందికి కనపడే చోట అయితేనే ఆ సెక్షన్ నిలబడుతుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు తిడితే నిలబడదు. స్టేషన్‌లో రాసిన కాగితంలో బోరింగు మాటే లేదు. నేను టైపు చేసినదాంట్లో రెండో వాక్యమే అది.

"అమ్మాయ్, నీ పెట్టెలో ఉంటదిగా?" అంది పెద్దమ్మ.

ఉంటుంది. శనివారం దాకా.

పదకొండు నిమిషాలు ఇద్దరం తెర వంక చూస్తూ కూర్చున్నాం. టిక్కు టిక్కు. ఫోల్డర్ దొరికింది. ఫైలు తెరుచుకుంది. బోరింగు ఉంది, చూస్తున్నవాళ్ల పేర్లు ఉన్నాయి. పెద్దమ్మకి చదవడం రాదు, నేను చదివి వినిపించా. కొడుకు పేరు దగ్గర ఒక ఒత్తు తప్పుపడి ఉంది. డీటీపీ చేతులు కదా, సరిచేద్దామని కీబోర్డు మీద వేలు పెట్టా. వెనకనుంచి పాప అరిచింది, "అమ్మా, సేవ్ కొట్టకు!"

కింద మూల చూడు అంది. తేదీ 2012 జనవరి 1. ఆ ఫైలు చివరిసారి మార్చిన తేదీ 2013 అని ఉంది. నేను సేవ్ కొడితే 2012 అయిపోయేది. గొడవ జరగడానికి ఏడాది ముందే ఫిర్యాదు తయారైనట్టు. అవతలి లాయరుకి అంతకన్నా ఏం కావాలి? ఏమీ ముట్టుకోకుండా పేజ్‌మేకర్ మూసేశా. చేతులు వణికాయి, నిజంగానే.

సాయంత్రం మన లాయరన్నకి ఫోన్ చేశా. కంప్యూటర్ నుంచి తీసిన కాగితం కోర్టులో నిలవాలంటే పాత సాక్ష్యాధారాల చట్టం 65బి కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అది తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. సమాచారం మొదట ఏ పరికరంలో నిక్షిప్తమైందో, ఆ పరికరం సొంతదారు దాన్నే తెచ్చి సాక్షి బోనులో నిలబడి రుజువు చేస్తే, సర్టిఫికెట్ అక్కర్లేదు. 2024 జులై నుంచి కొత్త చట్టం, సెక్షన్ 63 వచ్చింది. దాని సర్టిఫికెట్ నమూనాలో ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. మన కేసు అంతకుముందుది కాబట్టి పాతదే వర్తిస్తుందని అన్న చెప్పాడు. చివర్లో, "డబ్బాని అమ్మకమ్మా. అది కూడా సాక్షే" అన్నాడు.

రిపేరు కుర్రాడు శనివారం గోనెసంచితో వచ్చాడు. సంచి పక్కన పెట్టించి, చేయాల్సింది చెప్పా. మొదట మిషన్ ఆపి నలభై రూపాయల బ్యాటరీ. తర్వాత హార్డ్ డిస్క్ ఊడదీసి, దాన్నుంచి కొత్త ఎస్‌ఎస్‌డీలోకి ఉన్నదున్నట్టు కాపీ. కొత్తది మిషన్‌లో, పాత డిస్కు మళ్లీ తిప్పకుండా గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా పక్కన ట్రంకు పెట్టెలో. ర్యామ్ ఇంకో 2 జీబీ. మొత్తం మూడు వేల లోపే అయింది. కాపీ అవడానికి రాత్రంతా పట్టింది, మధ్యలో రెండుసార్లు ఆగింది. మా ఆయన లేచి లేచి చూసొచ్చాడు, పురిటి గది ముందు తిరిగినట్టు.

ఇంటర్నెట్ తీసేశాం దానికి. ఇప్పుడది నిమిషంలోపే తెరుచుకుంటుంది.

మరి కొత్తది? కొన్నాం. చీటీ పాడి, పాపకి కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. స్లాబు వచ్చే ఏడు. అమెరికా తమ్ముడికి ఫోన్ చేసి, నీ పాతది మన హాస్టల్ పిల్లలకి ఇద్దాం, వాళ్లని అడిగి, కావాలంటేనే అన్నా. పెట్టె విప్పి అట్ట, థర్మోకోల్ తీస్తుంటే పాప ముందు వాసన చూసింది. తెర మీద ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు, తీయనివ్వదు.

ఆ కొత్త ల్యాప్‌టాప్‌లో సరదాకి మన పాత ఫైళ్లలోంచి ఒక పేరా వేసి చూశాం. బోరింగు లేదు, పెద్దమ్మ లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, టోపీలు, కొమ్ములు, డాలర్ గుర్తులు. అను ఫాంట్లలో కొట్టింది ఆ ఫాంటు లేనిచోట అలాగే కనపడుతుంది. అది యూనికోడ్ కాదు. తెలుగునాట ఎన్ని సంఘాల కరపత్రాలు, ఎన్ని చిన్న పత్రికలు ఇలా డాలర్ గుర్తులైపోయి ఉన్నాయో. బాబాసాహెబ్ 1956లో పోతే ఆయన రచనల మొదటి సంపుటం మహారాష్ట్ర ప్రభుత్వం వేసింది 1979లో. హిందూమత చిక్కుముడుల మీద ఆయన రాసింది అచ్చయింది 1987లో. అంతకాలం కాగితాలుగా పడి ఉన్నాయి. అవి కాగితాలు కాబట్టి, ఎవరైనా విప్పితే చదవగలిగారు. మనవి పేజ్‌మేకర్ ఫైళ్లు. మీ దగ్గర కూడా పాత కంప్యూటర్ ఉండి, అందులో అను ఫైళ్లు ఉంటే, అది తెరుచుకుంటున్నప్పుడే అన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. ముందు తేదీ చూసుకోండి.

నా దగ్గర మొత్తం 340 ఫైళ్లు తేలాయి. రోజూ రాత్రి అన్నాలయ్యాక పది చొప్పున పీడీఎఫ్ చేస్తున్నాం. నేను పాత దాని ముందు, పాప కొత్త దాని ముందు. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు తప్పుతున్నాయి, అవి తను దిద్దుతోంది. నిన్న లక్ష్మీపేట కరపత్రం వచ్చింది. ఐదు పేర్లూ చదివి, "వీళ్లెవరమ్మా" అని అడిగింది. దిద్దడం ఆపి చెప్పించుకుంది.

పెద్దమ్మ కేసు వాయిదా వచ్చే నెలకి పడింది. సర్టిఫికెట్ లాయరన్న రాస్తున్నాడు. అవసరమైతే సీపీయూని ఆటోలో కోర్టుకి తీసుకెళ్లాలి. మా ఆయన అప్పుడే వెనక సీట్లో పరుపు ముక్క వేసి కొలత చూశాడు.

చర్చి కథ వచ్చే ఆదివారం.