బ్రిస్టల్ మీదుగా మార్చి కబుర్లు

న్యూజెర్సీలో మార్చి నెల తీరే వేరు. చలికోటు లోపల పెట్టేయాలో ఇంకా ఉంచుకోవాలో తేలదు. గడియారం గంట ముందుకి జరిగాక వారం గడిచినా నిద్ర సర్దుకోదు. ఇండియన్ షాపులోకి మాత్రం ఎండిన వేపపువ్వు పొట్లాలు, పచ్చిమామిడికాయలు వచ్చేస్తాయి. ఉగాది దగ్గర పడిందని వాటిని చూసే తెలుసుకుంటాం. 2023లో వాటితోపాటు పిట్‌కాన్ సదస్సు కూడా మా ఇంటి దగ్గరికొచ్చింది. మార్చి 18 నుంచి 22 దాకా ఫిలడెల్ఫియాలో జరిగింది. ఆఖరి రోజు, 22 బుధవారం, శోభకృత్ ఉగాది. "మరి పచ్చడో?" అన్నారు మా ఆయన. "తెల్లారకముందే చేసేస్తాను" అన్నాను. నాలుగున్నరకి లేచి చేసేశాను కూడా.

నేను పనిచేసేది మందులూ నీళ్లూ పరీక్షించే ల్యాబ్‌లో. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి పిట్‌కాన్ ఏటా జరిగే తిరునాళ్ల. 1950లో పిట్స్‌బర్గ్‌లోని విలియం పెన్ హోటల్లో మొదలైంది. ఆ ఊళ్లోని రెండు సంఘాలు, విశ్లేషణ రసాయనవేత్తలది ఒకటీ స్పెక్ట్రోస్కోపీ వాళ్లది ఒకటీ, చేతులు కలిపి పెట్టుకున్న సదస్సు ఇది. ఉక్కు కార్ఖానాల ఊరు కదా, ఉక్కులో కార్బన్ ఎంత, గంధకం ఎంత అని రోజూ లెక్క తేల్చేవాళ్లకి అక్కడ కొదవలేదు. జనం పెరిగి ఆ హోటల్ చాలక 1968లో క్లీవ్‌లాండ్‌కి తరలింది. అప్పట్నుంచీ ఊరూరా తిరుగుతూనే ఉంది, పేరు మాత్రం పుట్టింటిదే. నడిపేది ఇప్పటికీ ఆ రెండు సంఘాల వలంటీర్లే. మిగిలిన డబ్బు సైన్సు చదువులకి పోతుంది. పగలు ల్యాబ్‌లో పనిచేసుకుంటూ, సాయంత్రాలు కూర్చుని ఇంత పెద్ద పండగని ఏడాది పొడుగునా అల్లేవాళ్లంటే నాకు గౌరవం.

మాకు హోటల్ ఖర్చు లేదు. ట్రెంటన్‌లో సెప్టా రైలెక్కితే చాలు. ఎక్కిన కాసేపటికే డెలావేర్ నది మీది వంతెన వస్తుంది. అక్కణ్నుంచి లెవిట్‌టౌన్, బ్రిస్టల్, క్రాయ్‌డన్, టారెస్‌డేల్. ఎడమచేతి వైపు నది మనతోనే వస్తుంటుంది, ఒకచోట కనిపిస్తూ, ఒకచోట చెట్ల వెనక దాక్కుంటూ. జెఫర్సన్ స్టేషన్లో దిగి నాలుగడుగులేస్తే కన్వెన్షన్ సెంటర్. పాత రీడింగ్ రైల్వే షెడ్డునే అందులో పెద్ద హాలుగా మార్చారు. ఆ షెడ్డు కింద 1893 నాటి మార్కెట్ ఇంకా నడుస్తోంది. ఆదివారం నుంచి బుధవారం దాకా నాలుగు రోజులూ అదే రైల్లో వెళ్లొచ్చాను. నాతోపాటు మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన తెనాలి అబ్బాయి. వాడికిదే మొదటి పిట్‌కాన్, మొదటి పోస్టరు.

ఆదివారం షార్ట్ కోర్సు. వీటికి ఫీజు వేరే కట్టాలి, అయినా నా లెక్కలో పిట్‌కాన్‌కి ప్రాణం ఇవే. పెద్ద ఉపన్యాసాలు తర్వాత పేపర్లలో చదువుకోవచ్చు. చెయ్యి కాల్చుకున్న కథలు మాత్రం పేపర్లకెక్కవు. ముప్ఫై ఏళ్లు మిషన్ల ముందు గడిపినాయన బోర్డు దగ్గర నిలబడి "నేనిక్కడ ఆర్నెల్లు మోసపోయాను" అని చెబితే, ఆ ఆర్నెల్లూ మనకి ఒక్క మధ్యాహ్నంలో దక్కుతాయి.

ఈసారి హాల్లో, మార్కెట్‌లో, కాఫీ వరసలో ఎక్కడ విన్నా పీఫాస్ మాటే. నాన్‌స్టిక్ పెనాల దగ్గర్నుంచి మంటలార్పే నురగ దాకా వాడిన ఫ్లోరిన్ సమ్మేళనాల కుటుంబం అది. నీళ్లలో చేరితే విడిపోవు. సదస్సుకి సరిగ్గా నాలుగు రోజుల ముందు, మార్చి 14న, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తాగునీటికి కొత్త హద్దు ప్రతిపాదించింది. ఈ కుటుంబంలోని పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ అనే రెండూ ఒక్కొక్కటి లీటరుకి 4 నానోగ్రాములు దాటకూడదని. ఎంత తక్కువో మా అమ్మకి ఫోన్లో ఇలా చెప్పాను: మన హైదరాబాద్‌లో 5,000 లీటర్ల వాటర్ ట్యాంకర్లొస్తాయి కదా, అలాంటివి మూడు నింపి, మూడింటికీ కలిపి ఒకే ఒక్క ఉప్పు రవ్వ వేస్తే ఎంతో, ఇంచుమించు అంత. "దాన్ని పట్టుకోవడం కూడానా!" అంది అమ్మ.

పట్టుకోవచ్చు. చిక్కల్లా మనం పట్టుకున్నది నీళ్లలోదేనా అని తేల్చడంలో ఉంది. ఎందుకంటే కొలిచే మిషన్లోనే టెఫ్లాన్ గొట్టాలుంటాయి, సీసా మూతల్లో టెఫ్లాన్ ఉంటుంది, ఒక్కోసారి సాల్వెంట్‌లోనే ఆ జాడ ఉంటుంది. శుద్ధమైన నీళ్లు పెట్టినా గ్రాఫులో పీక్ వస్తుంది. దీనికి ఈ రంగంలోవాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకెంత చూసినా తనివి తీరదు. పంపుకీ శాంపిల్ ఎక్కించే చోటుకీ మధ్య ఇంకో చిన్న కాలమ్ పెడతారు. పంపు వైపు నుంచి వచ్చే పీఫాస్ ముందు ఆ కాలమ్‌లో చిక్కుకుని ఆలస్యంగా బయటపడుతుంది. శాంపిల్లోది మాత్రం ముందే వచ్చేస్తుంది. మురికిని పూర్తిగా ఆపలేనప్పుడు కనీసం దాని రాకని వెనక్కి నెట్టి, ఏది ఎవరిదో విడదీయడమన్నమాట.

హీలియం సంగతి కూడా చెప్పాలి. అప్పటికి ఏడాదిగా కరువు. గ్యాస్ క్రోమటోగ్రఫీ (జీసీ) ఎక్కువగా నడిచేది హీలియం మీదే, కానీ సిలిండర్లు అడిగినన్ని రావడం లేదప్పుడు. అందుకే స్టాల్ స్టాల్‌కీ హైడ్రోజన్‌కి మారండనే సలహా. వేగంగా పనవుతుంది, నిజమే. కానీ మాస్ స్పెక్ (మాస్ స్పెక్ట్రోమీటర్) లోపల ఆ హైడ్రోజన్ ఊరుకోదు, నైట్రోబెంజీన్ లాంటివాటిని ఎనిలీన్‌గా మార్చేయగలదు. ఈ సంగతి అడిగినప్పుడు ఒక స్టాల్లో అమ్మాయి బ్రోషర్ పక్కన పెట్టి, పావుగంట కూర్చోబెట్టి తన దగ్గరున్న డేటా చూపించింది. అమ్మేవాళ్లలో ఇలాంటివాళ్లు దొరికితే వదలకూడదు.

సోమవారం రాత్రి హైదరాబాద్ దగ్గరి పాశమైలారం నుంచి ఫోన్. నాతో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివిన స్నేహితురాలు, ఇప్పుడు అక్కడ మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పెద్ద ఉద్యోగి. "ఏమే, నైట్రోసమైన్ల మీద ఏమైనా కొత్త మాట విన్నావా?" అదే ఆమె మొదటి ప్రశ్న. 2018 జూలైలో బీపీ మందు వాల్సార్టన్‌లో క్యాన్సర్ కారకం కావచ్చనే ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ బయటపడ్డప్పట్నుంచీ మందుల ల్యాబులకి అది తీరని పని. దానికి రోజుకి 96 నానోగ్రాములే హద్దు. ఆ మరుసటి ఏడాది రానిటిడిన్ వంతు వచ్చింది. అప్పుడు జరిగింది నేను ప్రతి కొత్త పిల్లకీ పిల్లాడికీ చెబుతుంటాను. ఒక పరీక్షలో ఎన్‌డీఎంఏ విపరీతంగా కనిపించింది. ఆ పద్ధతిలో శాంపిల్‌ని 130 డిగ్రీల దాకా వేడిచేస్తారు. ఆ వేడికి రానిటిడినే విడిపోయి ఎన్‌డీఎంఏ పుడుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చి, వేడి అక్కర్లేని లిక్విడ్ క్రోమటోగ్రఫీ (ఎల్‌సీ) పద్ధతి వాడమంది. అలా కొలిచినా మాత్రల్లో ఎంతోకొంత ఉండనే ఉంది. 2020లో ఆ మందుని మార్కెట్లోంచి తీసేయించారు కూడా. కానీ ఆ పెద్ద అంకెలో చాలా భాగం పరీక్ష పుట్టించినదే. మెట్‌ఫార్మిన్ దగ్గర ఇంకో చిక్కు: డీఎంఎఫ్ అనే సాల్వెంట్ జాడని ఎన్‌డీఎంఏగా పొరబడిన ల్యాబ్ ఉంది. షుగర్ మాత్ర వేసుకునే మనిషి ఆ అంకె వార్తల్లో చూసి మందు మానేస్తే ఏం కావాలి?

ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. మా వాల్తేరు క్యాంపస్‌లో జి. గోపాలరావు గారి రిడాక్స్ టైట్రేషన్ల వారసత్వం గురించి మా మాస్టార్లు చెప్పే పద్ధతి గుర్తొచ్చింది. బ్యూరెట్‌తో చేసే పనే, కానీ బ్లాంక్ టైట్రేషన్ చేయకుండా రికార్డు తెస్తే సంతకం పెట్టేవారు కాదు. బ్లాంక్ అంటే, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, శాంపిల్ తప్ప మిగతా అన్నీ పెట్టి చేసే పరీక్ష. మన చేతులదీ మన గిన్నెలదీ పాపం ఎంతో ముందు అది చెబుతుంది.

మంగళవారం తెనాలి అబ్బాయి పోస్టరు. కోటు వేసుకుని, రంగురంగుల పీకులున్న పోస్టరు పక్కన నిటారుగా నిలబడ్డాడు. మొదటి అరగంట అందరూ చూసి నవ్వి వెళ్లిపోయారు. తర్వాత డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన ఆగారు. కళ్లజోడు పైకి నెట్టి, ప్రతి బొమ్మా చదివి, ఒకటే అడిగారు: "బ్లాంక్ ఏదీ?" వీడి దగ్గర ఉంది, పోస్టరులో పెట్టలేదు. ల్యాప్‌టాప్ తీసి చూపించాడు. అందులో ఓ చిన్న గుట్ట. పెద్దాయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ గుట్ట ఎక్కణ్నుంచి వస్తోందో ఇద్దరూ నలభై నిమిషాలు వెతికారు. సీసా మూత దగ్గర అనుమానం తేలింది. వెళ్లేటప్పుడు "మీ పోస్టరులో అన్నిటికంటే మంచి బొమ్మ అదే, పైన పెట్టాల్సింది" అన్నారట. రైల్లో ఇంటికొచ్చేటప్పుడు వాడు ఆ మాట మూడుసార్లు చెప్పాడు.

బుధవారం స్టీలు డబ్బాలో ఉగాది పచ్చడి పట్టుకెళ్లాను. మధ్యాహ్నం మార్కెట్‌లో బల్ల దగ్గర ఇద్దరం తిన్నాం. ఊళ్లో మా ఇంటి వెనక చెట్టుది, అమ్మ ఎండబెట్టి పంపిన వేపపువ్వు. ఎంత వేశానో అంతా మొదటి చెంచాలోనే తెలిసిపోయింది. నాలుక ఈ విషయంలో గొప్ప మిషన్. తీపి తెలియాలంటే చక్కెర ఎంత కావాలో, చేదు తెలియడానికి క్వినైన్ అందులో వెయ్యోవంతు కూడా అక్కర్లేదు. విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి కాబట్టి ప్రకృతి అక్కడ హద్దు అంత కిందికి పెట్టింది. "మరి పీఫాస్‌కి రుచి లేదు కదక్కా" అన్నాడు వాడు. లేదు. అందుకే మనం.

కబుర్లు ఇక్కడితో అయిపోవాలి. కాలేదు.

శుక్రవారం రాత్రి, అంటే 24న, మేం నాలుగు రోజులు దాటి వెళ్లిన ఆ బ్రిస్టల్ దగ్గరే ఒక కర్మాగారం నుంచి 8,000 గ్యాలన్లకి పైగా రసాయన ద్రవం ఆటర్ క్రీక్ అనే వాగులో పడి, అక్కణ్నుంచి డెలావేర్ నదిలో కలిసింది. అందులో బ్యూటైల్ ఎక్రిలేట్, ఇథైల్ ఎక్రిలేట్, మిథైల్ మెథాక్రిలేట్. మొదటి పేరు చూడగానే అందరికీ ఫిబ్రవరి 3న ఒహాయోలో ఈస్ట్ పాలెస్టైన్ దగ్గర పట్టాలు తప్పిన గూడ్సు రైలు గుర్తొచ్చింది. అందులోనూ అదే ఉంది. సదస్సులో పిట్స్‌బర్గ్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఆ రైలు గురించే గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

బ్రిస్టల్‌కి దిగువన, టారెస్‌డేల్ దగ్గర, ఫిలడెల్ఫియాకి తాగునీళ్లిచ్చే బ్యాక్స్‌టర్ కేంద్రం ఉంది. ఆదివారం మధ్యాహ్నం జనం ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి: బాటిల్ నీళ్లు వాడటం మంచిదని. గంటలో షాపుల్లో నీళ్ల అరలు ఖాళీ. ఆ సాయంత్రానికే ఇంకో మాట: సోమవారం రాత్రి 11:59 దాకా కుళాయి నీళ్లు తాగొచ్చని. మా పిన్ని కూతురు ఫిలడెల్ఫియాలోనే ఉంటుంది, ఆమెకి ఏడాది పాప. "అక్కా, నువ్వు ఈ పనే చేస్తావు కదా, నిజం చెప్పు. పాపకి పాలు కలపొచ్చా?"

చెప్పాను. నీళ్లలోంచి గ్యాస్ బుడగలు పంపుతారు, ఆవిరయ్యే రసాయనాలు ఆ బుడగలతో పైకొస్తాయి, వాటిని ఒక గొట్టంలో పట్టి, వేడిచేసి, జీసీ మాస్ స్పెక్‌లోకి పంపుతారు. 11:59 అనే ఆ అంకె ఊరికే వేసింది కాదు. అప్పటికే శుద్ధి అయి గొట్టాల్లోకి చేరిన నీళ్లు ఎంతసేపు సరిపోతాయో లెక్కకట్టి చెప్పింది. "కనపడలేదు" అని రాస్తే అసలు లేదని కాదు, మా మిషన్ చూడగలిగిన హద్దు కింద ఉందని. ఆ హద్దు ఎంతో కూడా అడగాలి. ఇవన్నీ విని ఆమె ఒకటే అంది: "నువ్వైతే కలుపుతావా?" "కలుపుతాను. రేపు రాత్రి మళ్లీ ఫోన్ చెయ్యి, కొత్త ఫలితాలు చూసి చెబుతా" అన్నాను.

సోమవారం గడువు మంగళవారం మధ్యాహ్నానికి జరిగింది. 28 మంగళవారం సాయంత్రం నగరం ముప్పు తప్పిందని ప్రకటించింది. ఆ రెండు రోజులూ నదిలో, కేంద్రంలో శాంపిళ్లు తీస్తూనే ఉన్నారు. రాత్రులు మిషన్ల ముందు కూర్చున్నవాళ్లలో కిందటి వారం నా పక్కన కాఫీ వరసలో నిలబడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అనుకున్నాను.

ఆ రాత్రి పదిన్నరకి తెనాలి అబ్బాయి మెసేజ్ పెట్టాడు: "అక్కా, పడుకున్నారా? ఇంత హడావిడిలో వాళ్లు బ్లాంకులు ఎన్ని గంటలకొకసారి పెట్టి ఉంటారంటారు?"

లేచి కూర్చుని జవాబు రాయడం మొదలుపెట్టాను.