స్ఫోటకం మచ్చలు చెరిగిపోకుండా

విజయవాడ గవర్నర్‌పేటలో నేను చూడటానికి వెళ్లిన ఫోటో స్టూడియోలో ముందు గదికంటే వెనక గదిలోనే పని ఎక్కువ. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, గోడకు ఆనించిన ఖాళీ ఫ్రేములు. చిన్న ఫోటోను పెద్దది చేసే సాఫ్ట్‌వేర్‌ను ఫోటోషాప్‌లో ప్లగిన్‌గా వాడితే మేలా, విడిగా తెరిచి వాడితే మేలా అని డిజైనర్‌ని అడిగాను. "కూర్చోండి సార్, ఇవాళ రెండు రకాల పనీ ఉంది, చూద్దురుగాని" అన్నాడు.

మొదటిది పెళ్లి ఆల్బమ్. విప్పితే షీటు 36 అంగుళాల వెడల్పు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 10,800 పిక్సెళ్లు కావాలి. కెమెరాలో తీసినవాటితో పేచీ లేదు. చిక్కంతా బంధువులు ఫోన్లలో తీసి వాట్సాప్‌లో పంపినవాటితోనే. వాటన్నిటినీ ఒక ఫోల్డర్‌లో వేసి, సాఫ్ట్‌వేర్‌ను విడిగా తెరిచి, ఫోల్డర్ మొత్తం దానికి అప్పజెప్పాడు. ఫోటోషాప్ మూసేశాడు. రెండూ నడుస్తుంటే ర్యామూ, గ్రాఫిక్స్ కార్డు మెమరీ చాలవు. రాత్రి పెట్టి వెళ్తే పొద్దున్నకల్లా అయిపోతాయట. ఇలాంటి గంపగుత్త పనికి ప్లగిన్ అక్కర్లేదు.

రెండో పని తెచ్చినాయన వయసు అరవై దాటి ఉంటుంది. తల్లి పెద్దకర్మకు 16 ఇన్‌టు 20 ఫ్రేము కావాలి. చేతిలో ఉన్నది ఏదో పాత కార్డు నుంచి ఊడదీసిన స్టాంపు సైజు ఫోటో. ఆమెకున్నది అదొక్కటే.

అంగుళం వెడల్పున్న ఆ ఫోటోను 1,200 చుక్కల దగ్గర స్కాన్ చేస్తే 1,200 పిక్సెళ్లు వచ్చాయి. ఫ్రేముకు కావలసింది 4,800. అంటే అడ్డంగా నాలుగింతలు, నిలువునా నాలుగింతలు. పెద్ద బొమ్మలో ప్రతి పదహారు పిక్సెళ్లలో అసలు ఫోటో ఇచ్చేది ఒక్కటే, మిగతా పదిహేనూ సాఫ్ట్‌వేర్ ఊహించి నింపేవే.

ఈసారి ప్లగిన్. ఫిల్టర్ మెనూలో ఉంటుందనుకున్నాను. ఫైల్ మెనూలో ఆటోమేట్ కింద ఉంది. ఫోటోషాప్‌లో ఫిల్టర్ ఉన్న పిక్సెళ్ల రంగు మార్చగలదే గాని బొమ్మ కొలత పెంచలేదు, అందుకని ప్లగిన్‌కు అక్కడ చోటు.

పెరిగిన ముఖం తెరమీదికి రాగానే నాకు ముచ్చటేసింది. కళ్లు తేటగా ఉన్నాయి, చెంపలు నున్నగా ఉన్నాయి. పెద్దాయన మాత్రం దగ్గరికి వంగి చూసి, "మా అమ్మకి స్ఫోటకం మచ్చలుండేవి బాబూ. ఇందులో ఒక్కటీ లేదేంటి?" అన్నాడు.

వేలకొద్దీ ముఖాలు చూసి నేర్చిన సాఫ్ట్‌వేర్ మచ్చను మరకనుకుంది. ముక్కుపుడక రాయిని కూడా ముక్కు చర్మంలో కలిపేసింది.

"ఉంచుదాం బాబాయ్ గారూ" అని డిజైనర్ అసలు స్కాన్‌ను ఏ హంగూ లేకుండా అదే కొలతకు పెంచి కింది లేయర్‌గా పెట్టాడు. పై లేయర్‌కు మాస్కు వేసి, మెత్తని బ్రష్‌తో చెంపల మీద కొద్దికొద్దిగా చెరుపుతూ పోయాడు. కింద నుంచి మచ్చలు ఒక్కొక్కటే పైకి తేలాయి. "కుడివైపు ఇంకాస్త లోతు" అని పెద్దాయన వేలు చూపించాడు. కళ్లనూ చీర అంచునూ డిజైనర్ సాఫ్ట్‌వేర్ ఇచ్చినట్టే వదిలేశాడు. రెండు లేయర్ల మధ్య తేడా కనపడకుండా చివర్లో సన్నని గ్రెయిన్ పరిచాడు.

విడిగా పెంచి, టిఫ్‌గా సేవ్ చేసి, ఫోటోషాప్‌లోకి తెచ్చుకున్నా ఇదంతా చేయొచ్చు. కానీ సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ సేవ్ చేయడం, మళ్లీ తెరవడం, లేయర్లు సరిచూసుకోవడం తప్పదు. పక్కన కొడుకు కూర్చుని ఉండగా ఆ ఆలస్యం పని పాడుచేస్తుంది. తెలిసినవాళ్ల కన్నూ దిద్దే చేయీ ఒకే తెర ముందు ఉండాల్సిన పనికి ప్లగినే సరైనదని నాకు గట్టిగా అనిపించింది. జనం ఆల్బమ్‌లో మెరుపు కోరుకోవచ్చు, కర్మ ఫోటోలో మాత్రం ఆ మనిషే ఉండాలి.

ప్రింటుకు పంపే ముందు పెద్దాయన, "చెల్లెళ్లకి చిన్నవి రెండు తియ్యి బాబూ" అన్నాడు.

"లేయర్లతో సహా దాచాను బాబాయ్ గారూ. మచ్చలు మళ్లీ దిద్దక్కర్లేదు, 8 ఇన్‌టు 10కి తగ్గించి తీసేస్తా."