తోటలో ఎవరైనా ఉన్నారా?

నూజివీడు నుంచి తిరువూరు దారి పట్టండి. మామిడి తోటల మధ్య నుంచే ప్రయాణం. ఆ దారిలో వచ్చే ఊరు విస్సన్నపేట. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఇది ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. కాయ ఏ ఊళ్లో కాసినా అమ్మేటప్పుడు మాత్రం 'నూజివీడు మామిడే'! బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టర్‌ కాయ అని పిలుచుకునే తోతాపురి... అన్నీ ఇక్కడివే.

కాయల సంగతి సరే, ఇక్కడి మాటలూ వినదగ్గవే. 'తోటలో ఎవరో ఉన్నారు' అంటే కాపలా మనిషి కర్ర అందుకుంటాడు. 'ఎవరూ లేరు' అంటే పిల్లలకు పండగ. 'ఎవరైనా ఉన్నారా?' అని కేకేస్తే బేరానికి ఎవరో వచ్చినట్టు. మాట ఒకటే... 'ఎవరు'. చివర ఓ, ఊ, ఐనా తగిలితే చాలు, కథే మారిపోతుంది. ఫలానా అని తేల్చి చెప్పని సర్వనామాలివి. బళ్లో సర్వనామం అనగానే అతడు, ఆమె, అది అని వల్లె వేయిస్తారు. ఇంట్లో రోజూ వాడే వీటి దగ్గర ఎవరూ పెద్దగా ఆగరు!

పోర్చుగీసు నేర్చుకునే పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. మామిడిని 'మాంగ' అన్న మన దక్షిణాది పేరుతోనే యూరప్‌కు పరిచయం చేసినవాళ్ల భాష అది. బ్రెజిల్‌లో మన హైస్కూలు ఈడు పిల్లలు ఖాళీలు పూరించి మరీ వీటిని సాధన చేస్తారు. 'అల్గేం' అంటే ఎవరో, 'నింగేం' అంటే ఎవరూ. ఇవి ఎప్పుడూ మారవు. 'ఏదో ఒక' అనే అర్థమున్న 'అల్గుం' మాత్రం లింగాన్ని, వచనాన్ని బట్టి మారుతుంది. మాంగ వాళ్లకు స్త్రీలింగం కాబట్టి 'అల్గూమ మాంగ'... ఏదో ఒక మామిడికాయ. అదే మాటను వెనక్కి జరిపి, 'మాంగ అల్గూమ' అంటే? ఒక్క కాయా లేదని!

అంత తేడా విస్సన్నపేట బేరాల్లోనూ ఉంది. పూత మీదో పిందె మీదో తోటను వ్యాపారికి గుత్తకిచ్చే పద్ధతి ఈ ప్రాంతంలో పాతదే. కొంత బయానా చేతిలో పడుతుంది. మిగతాది? 'కాయ దిగాక ఎంతో కొంత చూద్దాం.' ఈ 'ఎంతో కొంత'ను కాగితం మీద పెట్టమంటే మొహమాటం. మామిడేమో ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు మొహం చాటేసే చెట్టు. నడుమ గాలివాన వస్తే పక్వానికి రాని కాయంతా నేలపాలు. అప్పుడు 'ఎంతో' కాస్తా 'ఎంతోకంత'కు దిగుతుంది. అంకె రాసుకోని రైతు దేన్ని పట్టుకుని అడుగుతాడు? 'ఎప్పుడో ఒకప్పుడు ఇస్తాంలే' అన్న జవాబుకు తేదీ ఉండదు మరి.

అందుకే ఇక్కడి మాస్టార్లు ఈ పాఠానికి ఉదాహరణల కోసం వెతుక్కోనక్కర్లేదు. 'ఎంతో కొంత ఇస్తాను', 'ఎంతైనా ఇస్తాను', 'ఎంతా ఇవ్వను'... ఈ మూడింటిలో తెలుగులో ఎవరూ అనని వాక్యం ఏదో అడిగితే చాలు, చివరిది వినగానే పిల్లలే నవ్వుతారు. దాని బదులు 'ఏమీ ఇవ్వను' అని సరిదిద్దేదీ వాళ్లే.

వెళ్లాలంటే ఏప్రిల్, మే నెలలు మంచివి. చెట్టు కింద రాలిన కాయ కనిపిస్తే మాత్రం 'ఎవరిదైతేనేం' అనుకోకండి. ఓ కేకేసి అడగండి!